స్కూలు బస్సు సీట్లు ఊడదీసే ముందు

సంపాదకులకు నమస్కారాలు.

వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచి మీ పత్రిక చిన్న ప్రకటనల పుటలో పాత స్కూలు బస్సుల అమ్మకపు ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పాఠశాలలు వదిలించుకునే బస్సులలో కొన్ని సరిహద్దు దాటి మా గజపతి, రాయగడ, గంజాం జిల్లాలకు చేరుతున్నాయి. వాటిని కొని కదిలే టిఫిన్ సెంటరుగానో, పెళ్లి వంటల బండిగానో, బట్టల దుకాణంగానో, పడకలు అమర్చిన యాత్రా బస్సుగానో మార్చుకోవాలని చాలామంది ఆశపడుతున్నారు. గత వారం కాశీనగరం వైపు నుంచి ఇద్దరు యువకులు నా దగ్గరకు వచ్చి, అలాంటి బస్సు ఒకదానికి ఇరవై వేలు బయానా ఇచ్చామనీ, సీట్లు తీయించి లోపల గట్టు కట్టించడానికి మంచి వెల్డరును చూపించమనీ అడిగారు. వెల్డరు దగ్గరకు వెళ్లే ముందు వెళ్లవలసిన చోట్లు వేరే ఉన్నాయని వారికి చెప్పాను. ఆ మాటలే మరికొందరికి కూడా సకాలంలో చేరాలన్న ఆత్రంతో ఈ లేఖ రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

నేను పర్లాకిమిడిలో పెళ్లిళ్లకు, జాతరలకు వంటలు చేయించే వృత్తిలో పాతికేళ్లుగా ఉన్నాను. మాకు పని ఒకచోట ఉండదు. ఈ ముహూర్తానికి పాతపట్నంలో ఉంటే, పై ముహూర్తానికి గుణుపురంలో ఉంటాం. చైత్రంలో రాయగడ మజ్జిగౌరమ్మ ఉత్సవాలకు, రెండేళ్లకొకసారి బరంపురంలో జరిగే ఠాకురాణి జాతరకు గిన్నెలూ గుండిగలూ వేసుకుని వెళ్తుంటాం. ప్రతిసారీ సామానుకు ఒక లారీ, మనుషులకు ఒక వ్యాను మాట్లాడుకునే బదులు, పొయ్యిలు లోపలే బిగించిన సొంత బస్సు ఒకటి ఉంటే బాగుంటుందని నేనూ, మా బావమరిదీ చాలాకాలం అనుకున్నాం. కరోనా కాలంలో బడులు మూతపడి, బస్సులు షెడ్లలో నిలిచిపోయి, ధరలు బాగా పడిపోయిన తరువాత, 2022 ఫిబ్రవరిలో ఆంధ్ర వైపు ఒక పట్టణంలోని ప్రైవేటు పాఠశాల నుంచి 2011లో తయారైన 32 సీట్ల బస్సును 3,25,000 రూపాయలకు కొన్నాం. దళారికి ఎనిమిది వేలు ఇచ్చాం. బస్సుకు పూలదండ వేసి ఇంటికి తెచ్చిన మరునాడే సీట్లన్నీ ఊడదీసి, తుక్కు ఇనుము కింద 14,000 రూపాయలకు అమ్మేశాం. కిటికీల అడ్డకమ్మీలను కూడా కోయించేశాం. మేము చేసిన తప్పులన్నిటిలోనూ పెద్దది ఇదేనని తెలియడానికి మాకు మూడు నెలలు పట్టింది.

మోటారు వాహనాల చట్టంలో విద్యాసంస్థ బస్సు అనేది ఒక ప్రత్యేక తరగతి. పాఠశాలో, కళాశాలో సొంతదారుగా ఉండి, విద్యార్థులను, సిబ్బందిని తీసుకువెళ్లడానికి మాత్రమే వాడే బస్సునే ఆ తరగతిలో ఉంచుతారు. అందుచేత బడి కానివారు కొన్నప్పుడు పేరు మారితే చాలదు, తరగతి కూడా మారాలి; తరగతి మారితే పన్ను మారుతుంది, బీమా మారుతుంది. సీ బుక్కులో 32 సీట్లు అని రాసి ఉన్న బండి తనిఖీకి వచ్చిన రోజున 32 సీట్లతోనే కనిపించాలి. మేము కొన్న బస్సుకు ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డు మీద నడవడానికి తగినదని ఇచ్చే పత్రం, గడువు 2020లోనే తీరిపోయింది. కరోనా కారణంగా కేంద్రం అలాంటి కాగితాలకు దఫదఫాలుగా ఇచ్చిన వెసులుబాటు 2021 అక్టోబరు 31తో ముగిసింది. ఆ తరువాత ఆలస్యానికి రోజుకు 50 రూపాయల చొప్పున లెక్క పెరుగుతూనే ఉంది. ఒడిశాకు మార్చుకోవడానికి నిరభ్యంతర పత్రం కావాలంటే ముందు ఫిట్‌నెస్ కావాలన్నారు. ఫిట్‌నెస్ కావాలంటే సీట్లు ఉండాలన్నారు. సీట్లేమో తుక్కు కొట్టుకు పోయి కరిగిపోయాయి. చివరకు మరొక పాత బస్సు నుంచి తీసిన సీట్లను, కమ్మీలను 52,000 రూపాయలు పోసి కొని తిరిగి బిగించవలసి వచ్చింది. ఈ విషయంలో ఏ అధికారినీ నేను తప్పుపట్టలేను. వారు చట్టంలో ఉన్నదే చెప్పారు. ఆ మాటను బస్సు కొనక ముందు వెళ్లి అడగకపోవడం మా లోపం.

సరిహద్దులో ఉండేవారికి ఈ చిక్కు రెండింతలు అవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి గీత మా ఊరి పక్కనే ఉంది. పాతపట్నం సంతకు వెళ్లి కూరలు తెచ్చుకున్నంత తేలికగా అక్కడి నుంచి బస్సు కూడా తెచ్చుకోవచ్చని మనసు అనుకుంటుంది. కూరల సంచికి కాగితాలు అక్కరలేదు గాని బస్సుకు కావాలి. వాహనం ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి శాశ్వతంగా మారాలంటే చట్టంలోని 48వ సెక్షన్ ప్రకారం మొదట నమోదు చేసిన అధికారి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. దానికి దరఖాస్తు 28వ నంబరు ఫారం. ఆ పత్రం ఇచ్చే ముందు ఆ అధికారి ఈ వాహనంపై దొంగతనం కేసు లేదని పోలీసుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ప్రభుత్వానికి రావలసిన పన్నులన్నీ కట్టారో లేదో చూడాలి. మా బస్సుకు నిలిచిపోయిన మూడు నెలల పన్నులు, వాటి మీద జరిమానా కలిపి 27,000 రూపాయలు తేలాయి. ఫిట్‌నెస్ ఆలస్య రుసుము 18,500 రూపాయలు అయింది. అమ్మిన రోజున ఈ రెండింటిలో ఒక్కదాని గురించి కూడా మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మకపు కాగితం మీద ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని రాసి ఉన్న మాటకు అర్థం ఇంజిన్, టైర్లు అనుకున్నాము. బకాయిలకూ అదే మాట వర్తిస్తుందని తరువాత తెలిసింది.

అప్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాఠశాలలు బస్సులను చాలావరకు ఫైనాన్సు మీదే కొంటాయి. అప్పు తీరిపోయినా సీ బుక్కులో ఆ ఫైనాన్సు సంస్థ పేరు అలాగే ఉండిపోవడం సాధారణం. దానిని తీయించాలంటే ఆ సంస్థ సంతకం చేసిన 35వ నంబరు ఫారం కావాలి. మా విషయంలో అప్పు 2016లోనే తీరింది. కాని ఆ ఫారం చేతికి రావడానికి అయిదు వారాలు తిరిగాము. పాఠశాల యాజమాన్యం ఈలోగా మారి ఉంటే, సంతకం పెట్టవలసిన కరెస్పాండెంటు ఊరు విడిచి వెళ్లి ఉంటే ఇంకెంత కాలం పట్టేదో ఊహించుకోవచ్చు. కాబట్టి 28వ ఫారం మీద, పేరు మార్పు కోసం ఉన్న 29, 30 ఫారాల మీద సంతకాలు, ఫైనాన్సు సంస్థ ఇచ్చే 35వ ఫారం, బడి లెటర్‌హెడ్ మీద ఈ అమ్మకానికి యాజమాన్యం చేసిన తీర్మానం, ఇవన్నీ చేతికి వచ్చేవరకు పూర్తి సొమ్ము ఇవ్వకూడదు. బేరం కుదిరిన రోజున ఎంతో మర్యాదగా మాట్లాడినవారే సొమ్ము అందిన తరువాత ఫోను ఎత్తరు. ఇది నా అనుభవం.

అమ్మే పాఠశాలలకు కూడా ఒక మాట చెప్పాలి. ‘బస్సు అమ్మేశాం, మాకు సంబంధం లేదు’ అనుకోవడం ప్రమాదకరం. వాహనం చేతులు మారినా నమోదు పుస్తకంలో పేరు మారనంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత పుస్తకంలో ఉన్న సొంతదారుదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. సీట్లు తీసేసి, గ్యాసు సిలిండర్లు పెట్టుకుని ఘాట్ రోడ్డు మీద వెళుతున్న బస్సు ఇంకా ఒక బడి పేరు మీదే ఉందంటే, ఆ బడి యాజమాన్యం నిశ్చింతగా నిద్రపోగలదా? చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజుల లోపల బదిలీకి దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల లోపల, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల లోపల తమ వంతు కాగితాలు పంపాలి. బీమాను తమ పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల లోపల కంపెనీకి రాయాలి. ఈ గడువులు ఇరువురి రక్షణ కోసమే ఉన్నాయి.

ఇక బస్సు శరీరం గురించి. స్కూలు బస్సు తక్కువ తిరిగి ఉంటుంది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్ప రోడ్డెక్కదు, కాబట్టి ఇంజిన్ కొత్తదిలాగే ఉంటుందని దళారులు చెబుతారు. కిలోమీటర్లు తక్కువన్నది నిజమే కావచ్చు. కాని వీధి వీధికీ, సందు సందుకీ ఆగి, పిల్లలను ఎక్కించుకుని మళ్లీ కదిలే బస్సుకు క్లచ్చు, బ్రేకులు, మొదటి రెండు గేర్లు, స్టార్టరు మోటారు అరిగిపోతాయి. హైవే మీద లక్ష కిలోమీటర్లు నడిచిన బండి కంటే ఊరి సందుల్లో నలభై వేలు నడిచిన బండికే క్లచ్చు ముందు పోవచ్చు. దానికి తోడు, ఏటా వేసవిలో రెండు నెలలు, కరోనాలో నెలల తరబడి కదలకుండా నిలబడిన బస్సులో బ్రేకు రబ్బర్లు ఎండిపోయి పగులుతాయి, డీజిలు ట్యాంకులో నీరు చేరుతుంది, వైర్లను ఎలుకలు కొరుకుతాయి. మా బస్సుకు బ్రేకు పనికి, క్లచ్చుకు కలిపి 41,000 రూపాయలు, రెండు బ్యాటరీలకు 18,000 రూపాయలు అయ్యాయి. టైర్లు చూడటానికి నల్లగా, గాట్లు లోతుగా ఉన్నాయి గదా అని సంతోషించాము. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మా టైర్లలో నాలుగింటి మీద 2314 అని ఉంది. అంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైనవి. ఆ అంకెలు చదవడం మాకు వచ్చి ఉంటే ధర తగ్గించమని అడిగేవాళ్లం. ఆరు టైర్లకు ఒక్కొక్కటి 14,000 రూపాయల చొప్పున 84,000 పోసి కొత్తవి వేయించాము.

అన్నిటికంటే నన్ను బాధపెట్టినది తుప్పు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం వరకు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బస్సు ఇనుమును తుప్పు లోపలి నుంచి తింటుంది. పైన పసుపు రంగు నిగనిగలాడుతుంటుంది. కింద రబ్బరు చాప, దాని కింద ప్లైవుడ్డు, ఆ ప్లైవుడ్డు కింద అడ్డకమ్మీలు. పిల్లలు ఒలకబోసిన నీళ్లు, వానాకాలంలో తడిసిన బూట్లు, ప్రతి శనివారం లోపలికి గొట్టం పెట్టి కడిగిన నీళ్లు అన్నీ ఆ చాప కిందకే చేరి ఆరకుండా ఉంటాయి. మేము చాపను పీకినప్పుడు చక్రాల గూళ్ల పక్కన ప్లైవుడ్డు చేతికి పిండిలాగా రాలింది. దాని కింద ఉన్న కమ్మీని మేస్త్రీ స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది అవతలకు దిగబడింది. అడుగున అప్పుడే కొట్టిన నల్లరంగు ఉంటే దానిని శుభ్రతగా కాక అనుమానంగా చూడాలని ఆ మేస్త్రీ చెప్పాడు. మెట్ల కింద, వెనుక అత్యవసర ద్వారం గడప దగ్గర, చక్రాల గూళ్లలో, కిటికీ స్తంభాల మొదళ్లలో చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుట్టీ పూసిన చోట మొద్దుగా మోగుతుంది. మా బస్సు అడుగు భాగం బాగు చేయించడానికి 96,000 రూపాయలు ఖర్చయింది. ఒకప్పుడు నంబరు పలక చూస్తే బండి ఏ జిల్లాలో తిరిగిందో తెలిసేది. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 31 అంటే విశాఖపట్నం. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస మొదలైన తరువాత నమోదైన బండ్లకు ఆ ఆనవాలు పోయింది. కాబట్టి ఆ బస్సు సముద్రం పక్కన తిరిగిందో, లోపలి ఊళ్లలో తిరిగిందో బడి దగ్గరే వాకబు చేసుకోవాలి.

బస్సు పుట్టిన సంవత్సరం గురించి కూడా రెండు మాటలు. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఈ ప్రమాణాలకు ముందరి ఇంజిన్లను మా ఊరి మెకానిక్కులు విప్పి బిగించగలరు. ఆ తరువాతి వాటికి సెన్సార్లు, కంప్యూటరు తనిఖీ కావాలి, విడిభాగాల ధర ఎక్కువ. అలాగని మరీ పాతది కొంటే ఇంకొక ఇబ్బంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. 15 ఏళ్లు దాటిన భారీ వాహనానికి ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 12,500 రూపాయలకు పెరిగింది. పదమూడేళ్ల బస్సు చౌకగా వస్తోందంటే, మరో రెండేళ్లలో దాని మీద ఏటా పడబోయే భారాన్ని కూడా ఆ ధరలో కలిపి చూడాలి.

ఇప్పుడు అసలు మార్పుల విషయానికి వస్తాను. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు సొంతదారుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. దీని అర్థం కదిలే క్యాంటీను పెట్టుకోరాదని కాదు. కేంద్రం 2004లో ప్రకటించిన వాహనాల రకాల జాబితాలో మొబైల్ క్యాంటీను ఉంది, గ్రంథాలయ వ్యాను ఉంది, సంచార వైద్యశాల ఉంది. పడకలు, వంటగది ఉన్న యాత్రా వాహనానికి ఏఐఎస్ 124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. బస్సు శరీరానికి ఏఐఎస్ 052, స్కూలు బస్సుకు ఏఐఎస్ 063 ఉన్నాయి. అంటే దారి ఉంది. ఆ దారి రవాణా కార్యాలయంలో దరఖాస్తుతో, నక్షాతో, గుర్తింపు పొందిన బాడీ బిల్డరుతో మొదలవుతుంది. ఊరి వెల్డింగు షెడ్డులో మొదలుపెట్టి, తరువాత కాగితం తెచ్చుకుందామనుకుంటే ఆ కాగితం రాదు.

నిబంధనలను పక్కన పెట్టి చూసినా, వీటి వెనుక ఉన్న భయం నిజమైనది. ముప్పయి ఇద్దరు పిల్లలు ఒక్కొక్కరు 35 కిలోల చొప్పున 1,120 కిలోలు ఉంటారు. ఆ బరువు బస్సు అంతటా సమంగా పరచుకుని ఉంటుంది. మేము వేసుకున్న నక్షాలో 500 లీటర్ల నీళ్ల ట్యాంకు ఒక్కటే 500 కిలోలు. అది ఒకే మూల కూర్చుంటుంది. ద్వారం ఎడమ వైపు ఉంటుంది గనుక పొయ్యిలు, గ్రైండరు, బియ్యం బస్తాలు అన్నీ కుడి వైపుకే చేరుతాయి. ఆర్. ఉదయగిరి, మోహనా వైపు ఘాట్ మలుపుల్లో సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఊగినప్పుడు ఆ బస్సు ఎటు వాలుతుందో మేము ఆలోచించలేదు. మాకు ఆ సంగతి చెప్పినవాడు ముప్పయ్యేళ్లుగా ఆ దారిలో లారీ నడుపుతున్న డ్రైవరు. గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి మెట్ల గుంటలో, సీట్ల కింద పేరుకుంటుంది. నేల మట్టంలో గాలి పోయే రంధ్రాలు లేని బస్సులో 19 కిలోల సిలిండర్లు పెట్టుకుని, పక్కనే ఇన్వర్టరు బిగించుకోవడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లలు తల బయట పెట్టకుండా బిగించిన కిటికీ కమ్మీలు మంటలు లేచినప్పుడు మనుషులను బయటకు రానివ్వవు. అవి తీయాలన్నా అనుమతితోనే తీయాలి, ఉంచి వంట చేయాలన్నా ప్రాణభయమే. లోపలి ఎత్తు కూడా పెద్దవారు నిలబడి గరిటె తిప్పడానికి చాలదు. పైకప్పు ఎత్తు పెంచడం మరొక మార్పు, మరొక అనుమతి. మే నెలలో ఆ రేకు కప్పు కింద పొయ్యి వెలిగిస్తే వంటమనిషి గంటసేపు కూడా నిలబడలేడు.

మా బస్సుకు ఏమైందో చెప్పి తీరాలి. సీట్లు బిగించి, బకాయిలు కట్టి, ఫిట్‌నెస్ చేయించి, తరగతి మార్పించి, నిరభ్యంతర పత్రం తీసుకుని, సరిహద్దు దాటించి, 27వ ఫారంతో ఒడిశా నంబరు తెచ్చుకునే సరికి 14 నెలలు గడిచాయి. పసుపు రంగు తీయించి వేరే రంగు వేయించి, పుస్తకంలో నమోదు చేయించడానికి 38,000 రూపాయలు అయింది. ఈలోగా వంటగది సామాను, అంటే స్టీలు గట్లు, పొయ్యిల చట్రాలు, నీళ్ల ట్యాంకు, పొగ గొట్టం అన్నీ 2,10,000 రూపాయలకు ముందే చేయించి పెట్టుకున్నాం. బస్సు ధర, దళారి సొమ్ము, ఈ ఖర్చులన్నీ కలిపితే 9,17,500 రూపాయలు తేలింది. అసలు కంటే కొసరు ఎక్కువ అని పెద్దలు అనే మాట మా ఇంట్లో అంకెలతో సహా నిజమైంది. ఇందులో వడ్డీ కలపలేదు. రెండు పెళ్లి సీజన్లలో వదులుకున్న పనులూ కలపలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన సొమ్ము కూడా దీనిలో ఉంది.

నక్షా తయారుచేయించి, మొబైల్ క్యాంటీనుగా మార్పుకు అనుమతి తెచ్చుకునే శక్తి ఇక మాకు మిగలలేదు. అందుచేత ప్రస్తుతం ఆ బస్సును ప్రైవేటు సర్వీసు వాహనంగా, అంటే సొంతదారు తన వ్యాపారం కోసం తన మనుషులను కిరాయి లేకుండా తీసుకువెళ్లే బండిగా నడుపుతున్నాం. వంటవారు, వడ్డించేవారు ఆ సీట్ల మీదే కూర్చుని వస్తారు. సామాను లారీలో వస్తుంది. పొయ్యిలు ఎప్పటిలాగే నేల మీద వెలుగుతాయి. ఏ సీట్లను అడ్డమనుకుని పీకేశామో ఆ సీట్లే ఇప్పుడు మాకు అక్కరకు వస్తున్నాయి. స్టీలు గట్లు, ట్యాంకు మా పెరట్లో రేకుల షెడ్డులో ఉన్నాయి.

కాశీనగరం యువకుల బస్సు నంబరును కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో వేసి చూశాము. బీమా గడువు తీరింది, ఫిట్‌నెస్ ఎనిమిది నెలల కిందటే పోయింది, ఫైనాన్సు సంస్థ పేరు ఇంకా ఉంది. ఈ మూడింటినీ సరిచేసి ఇస్తేనే కొంటామని వారు అమ్మేవారికి రాసి పంపారు. ఇంకా జవాబు రాలేదు. బయానా వెనక్కి రాకపోయినా పరవాలేదు, మిగిలిన సొమ్ము మాత్రం చేతిలోనే ఉంచుకోమని చెప్పాను.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలకూ నా విన్నపం ఒకటి ఉంది. సరిహద్దు జిల్లాల కార్యాలయాల గోడ మీద, వాహనం అవతలి రాష్ట్రం నుంచి తెచ్చుకునేవారు ఏ కాగితం తరువాత ఏ కాగితం తీసుకోవాలో తెలుగులోనూ, ఒడియాలోనూ రాసి ఉంచితే, మాలాంటివారు దళారి నోటి మాట మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు. మా వైపు తెలుగు మాట్లాడేవారిలో చాలామంది ఒడియా మాట్లాడగలరు గాని ఫారాల మీది ఒడియా చదవలేరు. బస్సు తెచ్చుకోవడానికి పాతపట్నం అవతలకు వెళ్లే ఒడియా సోదరులకు తెలుగు కాగితాలతో అదే ఇబ్బంది. మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ, దెగ్లూరు వైపు ఉన్న తెలుగువారికీ ఇలాంటి ఏర్పాటు ఉపయోగపడుతుంది.

మీకు కూడా ఒక విన్నపం. మీ చిన్న ప్రకటనలలో ‘స్కూలు బస్సు అమ్మబడును, మంచి కండిషన్’ అని మాత్రమే వస్తోంది. పాత బస్సుల అమ్మకపు ప్రకటన తీసుకునేటప్పుడు నమోదైన నెల, సంవత్సరం, ఫిట్‌నెస్ ఏ తేదీ వరకు ఉంది, ఫైనాన్సు తీరిందా లేదా అన్న మూడు వివరాలు తప్పనిసరిగా ఇవ్వాలని నియమం పెట్టగలరా? ప్రకటన ఇచ్చేవారికి మరొక రెండు వరుసల ఖర్చు అవుతుంది. ఆ రెండు వరుసలు 2022 ఫిబ్రవరిలో నాకు కనిపించి ఉంటే, నేను బడికి ఫోను చేసి ఆ మూడు సంగతులూ అడిగి ఉండేవాడిని.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా